పక్క ఊరి ప్లాంటుకు మన మురుగు పంపాలా?

చిన్న పట్టణాలకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఉన్న మురుగునీటి శుద్ధి ప్లాంటు పాతబడి ఉంటుంది, లేదా అసలు ప్లాంటే ఉండదు. కాలువలోకి వదులుతున్న నీళ్లు ప్రమాణాలకు తగ్గట్టు లేవని అధికారుల నుంచి నోటీసు వస్తుంది. సరిగ్గా అప్పుడే పక్కనున్న పెద్ద ఊరు, 'మా దగ్గర పెద్ద ప్లాంటు ఉంది, మీ మురుగు కూడా ఇటే పంపండి, ఖర్చు పంచుకుందాం' అంటుంది. కౌన్సిల్ సమావేశంలో ఒక పట్టిక పెడతారు. సొంత ప్లాంటు కట్టుకుంటే లీటరుకు ఇంత, ప్రాంతీయ వ్యవస్థలో చేరితే ఇంత. రెండో అంకె చిన్నది. ఇంకేం, చేతులు లేస్తాయి.

ఆ పట్టికలోని అంకెలు తప్పు కాకపోవచ్చు. కానీ పట్టికలోకి ఎక్కని విషయాలు రెండున్నాయి. ఒకటి, ఆ ప్లాంటుకు మన ఊరికి మధ్యనున్న పైపు. రెండోది, సంతకం పెట్టాక మన చేతిలో ఏం మిగులుతుందన్నది. ప్రాంతీయ వ్యవస్థలో చేరిన ఊరు మురుగుతో పాటు రేపటి బిల్లు ఎంతుండాలో, ఊరు ఎంత పెరగొచ్చో తేల్చే అధికారంలోనూ కొంత అప్పగిస్తుంది. నా దృష్టిలో చేరాలా వద్దా అన్నది ప్రధానంగా ఈ రెండింటి మీదే ఆధారపడాలి. లీటరు ధర ఆ తర్వాతి సంగతి.

ముందు పెద్ద ప్లాంటు పక్షాన చెప్పాల్సింది చెప్పాలి, ఎందుకంటే అందులో నిజం చాలానే ఉంది. శుద్ధి ప్లాంట్ల ఖర్చు సామర్థ్యంతో సమానంగా పెరగదు. ఇంజినీర్లు వాడే ఒక అంచనా సూత్రం ప్రకారం ప్లాంటు సామర్థ్యం పది రెట్లయితే నిర్మాణ ఖర్చు సుమారు నాలుగు రెట్లే అవుతుంది. అంటే లీటరుకు పడే నిర్మాణ ఖర్చు సగానికంటే తగ్గిపోతుంది.

డబ్బు కన్నా పెద్ద కారణం మనుషులు. మురుగును శుద్ధి చేసేది బ్యాక్టీరియా. వాటికి రాత్రీపగలూ గాలి అందాలి. ఒక రాత్రి ఆ గాలి ఊదే యంత్రం, బ్లోయర్, ఆగిపోయి, ఉదయం దాకా ఎవరూ చూడకపోతే వారాల తరబడి పెంచుకున్న బ్యాక్టీరియా దెబ్బతింటుంది. చిన్న ఊరి ప్లాంటులో తరచూ ఒకే ఆపరేటరు ఉంటాడు. అతనికి జ్వరం వస్తే ప్లాంటుకూ జ్వరం వచ్చినట్టే. ల్యాబ్ పరీక్షలు చేసేవాళ్లుండరు, విడి భాగాల స్టాకుండదు, శుద్ధిలో మిగిలే బురదను ఎక్కడికి పంపాలో తెలియదు. చాలా చిన్న ప్లాంట్లు చెడు డిజైన్ వల్ల పాడవడం లేదు, రెండో మనిషి లేక పాడవుతున్నాయి. పెద్ద ప్లాంటులో షిఫ్టులుంటాయి, ల్యాబ్ ఉంటుంది, జనరేటరు ఉంటుంది.

నియమాలు బిగుసుకుంటున్న కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. యూరప్‌లో 1991 నాటి చట్టం రెండు వేల జనాభా స్థాయి దాటిన ఊళ్ల మీద ప్రధానంగా దృష్టి పెట్టింది. 2024లో దాన్ని సవరించి ఆ హద్దును వెయ్యికి దించారు. పెద్ద ప్లాంట్లయితే మందుల అవశేషాల వంటి సూక్ష్మ కాలుష్యాలను కూడా తొలగించాలన్నారు. నైట్రోజన్, ఫాస్ఫరస్ తగ్గించమని కొత్త షరతు వచ్చిన ప్రతిసారీ చిన్న ప్లాంటు మళ్లీ మొదటి నుంచీ లెక్కలు వేసుకోవాల్సిందే.

కలవడం వల్ల నిజంగా మేలు జరిగిన చోట్లు ఉన్నాయి. అమెరికాలోని సియాటెల్ పక్కన లేక్ వాషింగ్టన్ అనే పెద్ద సరస్సు ఉంది. 1950ల నాటికి చుట్టూ ఉన్న చిన్న ఊళ్లు ఎవరి ప్లాంటు వాళ్లు పెట్టుకుని, శుద్ధి చేసిన నీళ్లను సరస్సులోకే వదిలేవి. ఒక్కో ప్లాంటును విడిగా చూస్తే పని చేస్తున్నట్టే ఉంది. కానీ ఆ నీళ్లలో మిగిలిన ఫాస్ఫరస్ అంతా సరస్సులో చేరి నాచు విపరీతంగా పెరిగింది. 1964 నాటికి వేసవిలో మీటరు లోతు కూడా కనిపించేది కాదు. అందరినీ కలిపే ప్రాంతీయ సంస్థ కోసం 1958 మార్చిలో ఓటింగ్ పెడితే శివారు ఊళ్లు ఒప్పుకోలేదు. ఆ ప్రతిపాదనలో మురుగుతో పాటు రవాణా, ప్రణాళిక అధికారాలు కూడా ఉన్నాయి మరి. వాటిని తీసేసి మురుగు ఒక్కటే ఉంచి అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ అడిగితే ఒప్పుకున్నాయి. 1968 నాటికి మురుగును పూర్తిగా సరస్సు నుంచి మళ్లించారు, నీళ్లు తేటపడ్డాయి. ఈ ఉదాహరణను అందరూ కలయిక గొప్పతనానికి చెబుతారు. నాకు మాత్రం ఆ ఊళ్లు మొదటిసారి 'వద్దు' అనడం కూడా అంతే ముఖ్యంగా కనిపిస్తుంది. ఏది అప్పగించాలో, ఏది తమ దగ్గరే ఉంచుకోవాలో తేల్చుకున్నాకే వాళ్లు చేరారు.

మధ్యలో ఉన్న పైపు

ఇక పైపు సంగతి. లెక్క కోసం ఒక ఊహా పట్టణం తీసుకుందాం. జనాభా పదిహేను వేలు. మనిషికి రోజుకు 120 లీటర్ల మురుగు అనుకుంటే రోజుకు 18 లక్షల లీటర్లు. పెద్ద ప్లాంటు 14 కిలోమీటర్ల దూరంలో ఉంది, మన ఊరికన్నా ఎత్తులో ఉంది. మురుగు దానంతటది పారదు, పంపు చేయాలి. 250 మిల్లీమీటర్ల పైపు వేశాం.

ఆ పైపు పొడవునా పట్టే నీళ్లు దాదాపు 6.9 లక్షల లీటర్లు. రోజుకు 18 లక్షలు పంపుతుంటే, ఒక లీటరు మురుగు ఊరి చివర పైపులోకి దిగి అవతల తేలడానికి సగటున తొమ్మిది గంటలు. ఇది ఊరంతా కనెక్షన్లు తీసుకున్నాక సంగతి. తొలి ఏళ్లలో సగం ఇళ్లే చేరితే అదే పైపులో పద్దెనిమిది గంటలు. రాత్రిపూట పంపులు ఎక్కువసేపు ఆగి ఉంటాయి కాబట్టి కొంత మురుగు ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది.

అన్ని గంటలు గాలి తగలకుండా నిలిచిన మురుగు కుళ్లుతుంది. ఆక్సిజన్ లేని చోట బతికే బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. పైపు నిండుగా ఉన్నంతసేపు అది నీళ్లలోనే కరిగి ఉంటుంది. మురుగు బయటపడే మొదటి మ్యాన్‌హోల్ దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. ముందు వీధిలో వాళ్లకు కుళ్లిన గుడ్ల వాసన. తర్వాత మ్యాన్‌హోల్ లోపలి తడి గోడ మీద వేరే రకం బ్యాక్టీరియా ఆ వాయువును సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. కొన్నేళ్లకు కాంక్రీటు తడిసిన సుద్దలా చేతికి రాలిపోతుంది. అన్నిటికన్నా భయపడాల్సింది మనుషుల గురించి. ఈ వాయువు గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు చేరేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన రావడం లేదు, పర్వాలేదనుకుని దిగినవాళ్లు అక్కడే కూలిపోతారు. కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా. అందుకే పొడవాటి పంపింగ్ పైపు వేసే ఏ ప్రణాళికలోనైనా నైట్రేటు రసాయనం కలపడమో, ఆక్సిజన్ ఎక్కించడమో, చివరి మ్యాన్‌హోళ్లకు ఆమ్లం తట్టుకునే పూత వేయడమో, మనుషులను దింపకుండా పని జరిగే ఏర్పాటో కచ్చితంగా ఉండాలి. ప్రతిపాదనలో ఈ ఖర్చుల వరుస లేకపోతే అది ఇంకా పూర్తి కాలేదన్నట్టే.

కరెంటు కూడా చూద్దాం. ఎత్తు తేడా 25 మీటర్లు, పైపులో రాపిడికి మరో 35 మీటర్లు అనుకుందాం. పంపు, మోటారు కలిసి అరవై శాతం సామర్థ్యంతో పని చేస్తే రోజుకు దాదాపు 490 యూనిట్లు కావాలి. వెయ్యి లీటర్లకు 0.27 యూనిట్లు. మామూలుగా గాలి ఎక్కించి శుద్ధి చేసే ప్లాంటుకు వెయ్యి లీటర్లకు పట్టేది 0.3 నుంచి 0.6 యూనిట్ల దాకా. అంటే శుద్ధికి పట్టే కరెంటులో సగమో, ఒక్కోసారి దాదాపు అంతో, కేవలం మురుగును అక్కడికి చేర్చడానికే పోతుంది. పెద్ద ప్లాంటు ఇచ్చే చౌక ఇలా దారిలోనే కరిగిపోగలదు.

అదే ప్లాంటు నాలుగు కిలోమీటర్ల దూరంలో, పల్లంలో ఉండి ఉంటే ఈ బాధలేవీ ఉండవు. మురుగు తనంతట తానే పారుతుంది, తొందరగా చేరుతుంది, కరెంటు ఖర్చు దాదాపు ఉండదు. కాబట్టి మొదట చూడాల్సింది ఎత్తుపల్లాల మ్యాపు. అది చూడకముందే వేసిన ఖర్చు పట్టికను నమ్మొద్దు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఊళ్లో ఇంటింటినీ కలిపే భూగర్భ డ్రైనేజీ ఖర్చు చాలా పెద్దది, తరచూ ప్లాంటు కన్నా ఎక్కువ. చేరినా చేరకపోయినా అది పడుతుంది. అందువల్ల రెండు పక్కల నుంచీ దాన్ని తీసేసి మిగిలినది పోల్చాలి. లేకపోతే ఆ పెద్ద అంకెలో అసలు తేడా మునిగిపోయి, పది శాతం తేడా రెండు శాతంలా కనిపిస్తుంది.

వాన నీళ్లకు కట్టే బిల్లు

ప్రాంతీయ వ్యవస్థలో ఊరి సరిహద్దు దగ్గర ఒక మీటరు పెడతారు. ఎన్ని లీటర్లు దాటితే అంత బిల్లు. మీటరుకు మురుగేదో, వాన నీరేదో తెలియదు.

పాత పైపుల కీళ్లు వదులై ఉంటాయి. భూగర్భ జలం పైపుల కన్నా పైన ఉన్న కాలంలో ఆ సందుల్లోంచి లోపలికి వస్తుంది. మేడల మీది వాన గొట్టాలను డ్రైనేజీలో కలిపేసినవాళ్లూ ఉంటారు. గట్టి వాన పడ్డ రోజు ప్రవాహం మామూలు రోజుకు రెండు మూడింతలు కావడం వింతేమీ కాదు. సొంత ప్లాంటులో అది ప్లాంటు సమస్య. ప్రాంతీయ వ్యవస్థలో అది నేరుగా బిల్లు. ఒప్పందంలో గరిష్ఠ ప్రవాహానికి హద్దు ఉంటే ఆపైన జరిమానా కూడా పడుతుంది.

దీన్ని పసిగట్టడం కష్టం కాదు. వాన లేని రాత్రి, రెండు నుంచి నాలుగు గంటల మధ్య, ఊరి చివరి మ్యాన్‌హోల్ మూత తీయించి పైనుంచే టార్చ్ వేసి చూడండి. ఊరంతా నిద్రపోతున్న ఆ వేళ సన్నని ధార మాత్రమే ఉండాలి. అలా కాకుండా తేటగా, చల్లగా, ఆగకుండా నీళ్లు పారుతుంటే అందులో ఎక్కువ భాగం భూమిలోంచి వస్తున్నదే, లేదా పగిలిన మంచినీటి పైపుది. ఏ వీధి నుంచి వస్తోందో ఒక్కో మ్యాన్‌హోల్ వెనక్కి వెళ్తూ కనిపెట్టొచ్చు. తర్వాత ఆ భాగంలో కెమెరా దింపి చూస్తారు, లేదా పొగ వదిలి ఎక్కడెక్కడ బయటికొస్తుందో చూస్తారు. మేడ మీది వాన గొట్టం లోంచి పొగ వచ్చిందంటే ఆ గొట్టం డ్రైనేజీకి కలిసి ఉన్నట్టే.

ఈ పని సంతకానికి ముందే కనీసం ఒక ఏడాది, అన్ని కాలాల్లోనూ చేయాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట. కారణం రెండు వైపులా ఉంది. చేరేటట్టయితే ఎంత సామర్థ్యం కొనుక్కోవాలో అప్పుడే తెలుస్తుంది. చేరకపోతే సొంత ప్లాంటు ఎంత చిన్నది కట్టినా సరిపోతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. లీకులు సరిచేయించాక కొన్ని ఊళ్లకు కొత్త ప్లాంటు అవసరమే అప్పటికి తీరిపోవచ్చు.

సంతకం తర్వాత ఎవరి మాట చెల్లుతుంది

ఒప్పందంలో రేటు ఉంటుంది. ఆ రేటును రేపు ఎవరు మారుస్తారన్నది అంతకన్నా ముఖ్యం. పాలక మండలిలో ఓట్లు మురుగు పరిమాణం ప్రకారం ఉంటే చిన్న ఊరి ఓటు ఎప్పటికీ లెక్కలోకి రాదు. ఊరికో ఓటు అంటే పెద్ద ఊరు ఒప్పుకోదు, అందులో న్యాయం కూడా లేదు, ఎక్కువ డబ్బు పెట్టేది వాళ్లే. మధ్యేమార్గాలున్నాయి. అమెరికాలోని డెట్రాయిట్ నగరం, దాని శివార్లు దశాబ్దాల పాటు నీటి, మురుగు బిల్లుల మీద గొడవపడ్డాక 2016 జనవరి 1 నుంచి ఒక ఉమ్మడి సంస్థ పని మొదలుపెట్టింది. మండలిలో ఆరుగురు: నగరం నుంచి ఇద్దరు, మూడు కౌంటీల (మన జిల్లాల వంటివి) నుంచి ఒక్కొక్కరు, గవర్నర్ నియమించినవారు ఒకరు. ముఖ్య నిర్ణయాలకు ఆరులో అయిదు ఓట్లు కావాలి. నగరం తన ఇద్దరితో ఏదీ నెగ్గించలేదు, శివార్లు కలిసినా నగరాన్ని పూర్తిగా పక్కన పెట్టలేవు. చిన్న ఊరు అడగాల్సింది ఇలాంటి ఏర్పాటే: అప్పు చేయడం, రేట్ల విధానం మార్చడం, కొత్త ఊళ్లను చేర్చుకోవడం, ఈ మూడింటికైనా మామూలు మెజారిటీ చాలకూడదు.

అప్పు మాట ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జెఫర్సన్ కౌంటీలో 1996లో కోర్టు పర్యవేక్షణలో కుదిరిన ఒప్పందం తర్వాత చుట్టుపక్కల మున్సిపాలిటీల మురుగు పైపులను కౌంటీ తన చేతిలోకి తీసుకుంది. బాగుచేయడానికి తెచ్చిన అప్పులు మూడు వందల కోట్ల డాలర్లు దాటాయి. సంక్లిష్టమైన వడ్డీ ఒప్పందాలు బెడిసికొట్టాయి, లంచాల కేసుల్లో అధికారులు జైలుకెళ్లారు. 2011 నవంబరులో కౌంటీ దివాలా ప్రకటించింది. అప్పటికి అమెరికా స్థానిక ప్రభుత్వాల చరిత్రలో అదే అతి పెద్ద దివాలా. ఆ నిర్ణయాల్లో ఎలాంటి పాత్రా లేని ఇళ్ల వాళ్లు పెరిగిన బిల్లులు కట్టారు. అందుకే చేరే ముందు అడగాలి: ఇప్పటికే ఉన్న అప్పులో మన వాటా ఎంత? మనకు పనికిరాని విస్తరణకు రేపు తెచ్చే అప్పులో మన వాటా ఉంటుందా? నోటి మాట చాలదు, ఒప్పందంలో రాసి ఉండాలి.

తర్వాతిది సామర్థ్యం. చాలా ఒప్పందాల్లో ఊరికి రోజుకు ఇన్ని లక్షల లీటర్లని ఒక వాటా రాసిస్తారు. ఆ గీతే ఊరి ఎదుగుదలకు పైకప్పు. వాటా అయిపోతే కొత్త కాలనీకి, కొత్త ఆసుపత్రికి అనుమతివ్వాలంటే పెద్ద ఊరిని అడగాలి. ఎక్కువ కొంటే వాడని దానికి కూడా కడుతూ ఉండాలి. మిగిలిన వాటాను ఇంకో ఊరికి అమ్ముకునే హక్కు ఉండాలని చాలామందికి తోచదు, ఉంటే పెద్ద ఊరట. ఇందులోనే ఇంకో చిక్కుంది. రెండు ఊళ్ల మధ్య పెద్ద పైపు పడగానే దారి పొడవునా పొలాలు ప్లాట్లవుతాయి. దానికి ఎవరు అనుమతిస్తారో, ఆ కనెక్షన్లు ఎవరి వాటాలోంచి పోతాయో ముందే తేలాలి.

బయటికొచ్చే దారి గురించి అడిగితే చేరకముందే విడాకులా అంటారు. అడగాలి. చేరాక పాత ప్లాంటు మూసేస్తారు, నీళ్లు వదిలే అనుమతి రద్దవుతుంది, ఆపరేటరు వేరే ఉద్యోగానికి వెళ్తాడు. ఆ స్థలం అమ్మేశారంటే ఇక వెనక్కి రావడం కాగితాల మీద మాటే. ఆ స్థలాన్ని మాత్రం అమ్మొద్దు. అందులో పంపింగ్ స్టేషనూ, వాన రోజుల్లో పొంగే మురుగును కాసేపు నిలిపే ట్యాంకూ పెట్టుకోవచ్చు.

నీళ్లు కూడా వెళ్లిపోతాయి

ఈ విషయం చర్చల్లో వినిపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మన ఊరి బోర్ల నుంచో, వాగు నుంచో తోడిన నీళ్లే మురుగవుతాయి. ఇక్కడే శుద్ధి చేసి వదిలితే తిరిగి మన వాగులోకి చేరతాయి. పద్నాలుగు కిలోమీటర్ల అవతలికి పంపితే ఇంకో నదిలోకి పోతాయి. మన ఊహా పట్టణానికి అది రోజుకు 18 లక్షల లీటర్లు. ఎండాకాలంలో సన్నబడిన వాగుకు అది పెద్ద మొత్తమే, కింద పొలాలకూ చేపలకూ ఆధారం కూడా. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఇప్స్‌విచ్ నది కొన్ని భాగాలు వేసవిలో ఎండిపోవడానికి బావుల తోడకంతో పాటు, మురుగును ఆ పరీవాహక ప్రాంతం దాటించడం కూడా ఒక కారణమని తేలింది. శుద్ధి చేసిన నీటిని పొలాలకో, పరిశ్రమకో వాడుకోవాలని ఊరికి ఆలోచన ఉంటే, చేరడంతో ఆ నీటి మీద హక్కు కూడా పోతుంది. తిరిగి అడిగినప్పుడు ఇవ్వాలన్న షరతు అయినా రాయించుకోవాలి.

దీనికి ఎదురు పరిస్థితీ ఉంటుంది. మన వాగు అంత సన్నదై, అక్కడ వదిలిన శుద్ధి నీటిని కూడా భరించలేకపోతే, లేదా కిందే చెరువు ఉండి లేక్ వాషింగ్టన్‌లా ఫాస్ఫరస్ పేరుకుంటుంటే, పంపేయడమే వాగుకు మంచిది. కాబట్టి జవాబు వాగును చూసి చెప్పాలి, సూత్రం చూసి కాదు.

కొంత పంచుకుని, కొంత ఉంచుకుని

ఇంతకీ 'చేరడమా, ఒంటరిగా ఉండడమా' అన్న రెండు దారులే ఉన్నట్టు ప్రశ్న పెట్టడమే ఇబ్బంది. చిన్న ప్లాంట్లకు నిజంగా లోటు మనుషులు, ల్యాబ్, బురద శుద్ధి. ఈ మూడూ పైపు లేకుండానే పంచుకోవచ్చు. నాలుగైదు ఊళ్లు కలిసి ఇద్దరు ముగ్గురు అనుభవమున్న ఆపరేటర్లను, ఒక ల్యాబ్‌ను, ఒక మెకానిక్‌ను పెట్టుకోవచ్చు. నీళ్లను ఎక్కడికక్కడ శుద్ధి చేసి, చిక్కటి బురదను మాత్రం ట్యాంకరులో పెద్ద ప్లాంటుకు పంపొచ్చు. బురద పరిమాణం మురుగులో చాలా చిన్న భాగం, పద్నాలుగు కిలోమీటర్లు దానికి పెద్ద దూరం కాదు. స్థలం దొరికే ఊరైతే వరుస చెరువులతో శుద్ధి చేసే పద్ధతి దాదాపు కరెంటు లేకుండా నడుస్తుంది. జాగా ఎక్కువ కావాలి, ఫాస్ఫరస్‌ను బాగా తగ్గించలేదు, కానీ రాత్రి బ్లోయర్ ఆగిపోతుందన్న టెన్షన్ ఉండదు.

గ్రాంట్లు మాత్రం ఈ మధ్య దారి వైపు తక్కువగా చూస్తాయి. డబ్బిచ్చేవాళ్లు సాధారణంగా కట్టడాలకు ఇస్తారు, నడపడానికి ఇవ్వరు. 1972 నాటి అమెరికా చట్టం కింద నిర్మాణ ఖర్చులో 75 శాతం కేంద్రమే భరించింది. రోజువారీ ఖర్చు ఊళ్లదే. అలాంటప్పుడు పెద్ద పైపు, పెద్ద పంపులు ఉచితంగా వస్తున్నట్టు కనిపించి, పక్క ఊరితో ఆపరేటరును పంచుకోవడం మన జేబులోంచి పోతున్నట్టు కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల కరెంటు, రసాయనాలు, మరమ్మతులు, అప్పు వాటా అన్నీ ఈనాటి విలువకు లెక్కగట్టి పక్కపక్కన పెడితే చాలా చోట్ల వరుస తారుమారవుతుంది.

ఇన్నీ చెప్పాక నా అభిప్రాయం దాచుకోను. పెద్ద ప్లాంటు దగ్గర్లో, పల్లంలో ఉండి, పైపులో మురుగు కొద్ది గంటల్లోనే చేరిపోయేలా ఉంటే, అప్పు మీదా రేట్ల మీదా మన ఓటుకు విలువ ఉంటే, చేరడమే మంచిది. ఒంటరి ఆపరేటరు మీద ఊరి ఆరోగ్యం పెట్టడం సరికాదు. దూరం ఎక్కువై, ఎత్తుకు పంపు చేయాల్సి వచ్చి, వాగు ఆ నీటి మీద ఆధారపడి ఉంటే, సొంత ప్లాంటు ఉంచుకుని మనుషులనూ బురదనూ పంచుకోవాలి. ఈ రెండింటి మధ్యలో ఉన్న ఊళ్లే ఎక్కువ. వాటికి బేరమాడే శక్తి సంతకానికి ముందు మాత్రమే ఉంటుంది, అదీ తమ ప్రవాహం ఎంతో తమకు తెలిసినప్పుడే. పెద్ద ఊరు తొందరపెడుతుంది, గ్రాంటు గడువు దగ్గర పడుతోందంటుంది. అయినా ఒక ఏడాది కొలతలు పూర్తయ్యేదాకా ఆగుతామని చెప్పొచ్చు. నోటీసు ఇచ్చిన అధికారులు ఆ ఏడాదంతా ఊరుకోరు కాబట్టి, కొలతల షెడ్యూలు, లీకుల మరమ్మతుల గడువు రాతపూర్వకంగా ఇచ్చి వాళ్ల దగ్గర సమయం తీసుకోవాలి. పని నిజంగా జరుగుతోందని చూపించిన ఊరికి సాధారణంగా ఆ సమయం దొరుకుతుంది.